పాత కారు ఇంజన్‌కి ఆయిల్ కూలర్ పెడితే నిజంగా లాభముందా?

చోక్‌కేబుల్:

ఇంజన్ వివరాలు ముందు రాస్తాను. నాలుగు సిలిండర్లు, 1.8 లీటర్లు, పోత ఇనుము బ్లాకు, పుష్‌రాడ్లు, కార్బురేటర్. 1970ల నాటి డిజైను. ఈ మోడల్‌కి కంపెనీ ఆయిల్ కూలర్ (ఆయిల్‌ని చల్లబరిచే చిన్న రేడియేటర్ లాంటిది) ఇవ్వలేదు. ఫిల్టర్‌తో కలిపి 4.2 లీటర్ల 20డబ్ల్యూ50 మినరల్ ఆయిల్ పడుతుంది. స్పిన్-ఆన్ ఫిల్టర్. పంపు నుంచి వచ్చే ఆయిలంతా దాని గుండానే వెళ్తుంది.

చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే ప్రెషర్ 60 పీఎస్ఐ. హైవే మీద గంటసేపు 3,500 ఆర్‌పీఎమ్‌లో నడిచాక అదే వేగంలో 42కి దిగుతోంది. బండి ఆపి ఇంజన్ స్లోలో (ఐడిల్‌లో) పెడితే 14. నీళ్ల టెంపరేచర్ ముల్లు మాత్రం మధ్యలోంచి కదలదు. ఆయిల్ టెంపరేచర్ గేజి లేదు.

వేడికి ఆయిల్ పలచబడి ప్రెషర్ పడిపోతోందని, కూలర్ పెడితే బేరింగులకు ఆయుష్షు పెరుగుతుందని ఒక వాదన. పాత ఇంజన్‌కి అసలు అవసరమే లేదని ఇంకో వాదన. ఏది సరైనది? పెట్టాల్సి వస్తే 10 వరసలదా, 13దా, 19దా? థర్మోస్టాట్ (ఆయిల్ వేడెక్కాకే దాన్ని కూలర్‌లోకి వదిలే వాల్వ్) తప్పనిసరా? రేడియేటర్ ముందు బిగించవచ్చా?

మెయిన్‌బేరింగ్:

మీరు రాసిన ప్రెషర్ అంకెల్లో జబ్బేమీ లేదు. ముందు ఆ భయం వదిలేయండి.

ఈ తరం ఇంజన్లకు పాత లెక్క ఒకటుంది: ప్రతి 1,000 ఆర్‌పీఎమ్‌కి 10 పీఎస్ఐ ఉంటే చాలు. 3,500 దగ్గర 35 కావాలి, మీకు 42 ఉంది. స్లోలో 800 తిరుగుతుంటే 8 చాలు, మీకు 14 ఉంది. చల్లగా ఉన్నప్పుడు కనిపించే 60 బేరింగుల ఆరోగ్యం గురించి చెప్పేది కాదు. ఆయిల్ చిక్కగా ఉండి పంపు తోసినంతా బేరింగుల్లోంచి వెళ్లలేక, అదనపు ప్రెషర్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంది, దాని స్ప్రింగు అమరిక 60 అన్నమాట. కాబట్టి 60 నుంచి 42కి 'పడిపోయింది' అనడం కన్నా, ఆయిల్ తను పనిచేయాల్సిన చిక్కదనానికి వచ్చింది అనడం సరైన మాట.

ఆ చిక్కదనం లెక్క చూడండి. మామూలు 20డబ్ల్యూ50 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర సుమారు 165 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) ఉంటుంది. 60 డిగ్రీలకి 65 ప్రాంతానికి, 100కి 18కి, 110కి 14కి, 120కి 11కి దిగుతుంది. ఇక 10డబ్ల్యూ40 ఆయిల్ 100 డిగ్రీల దగ్గరే 14 ఉంటుంది. అంటే మీ 20డబ్ల్యూ50 110 డిగ్రీలకు వేడెక్కినా, 100 దగ్గర ఉన్న 10డబ్ల్యూ40 ఆయిల్ అంత మందం దానికి ఇంకా ఉంది. పాత డిజైన్లకు చిక్కటి ఆయిల్ చెప్పడంలోనే ఈ వెసులుబాటు కలిసి ఉంది.

అసలు ప్రశ్న ఆయిల్ ఎంత వేడెక్కుతోంది అన్నది. అది తెలియకుండా కూలర్ కొనడం జ్వరం చూడకుండా మాత్ర మింగడమే. నీళ్ల ముల్లు దానికి పనికిరాదు. నీళ్లను థర్మోస్టాట్ ఒకచోట పట్టి ఉంచుతుంది. ఆయిల్‌ని పట్టి ఉంచేది ఏదీ లేదు. పిస్టన్ కిందివైపు వేడి, బేరింగుల్లో నలిగే వేడి, వాల్వుల పక్కనుంచి జారుతూ తెచ్చుకునే వేడి, అంతా ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోకే చేరుతుంది. ఆర్‌పీఎమ్ పెరిగేకొద్దీ ఆయిల్ వేడి పెరుగుతూ పోతుంది, నీళ్ల ముల్లు మాత్రం కదలదు.

గేజి లేకుండా కొలవడానికి వేడిని కొలిచే సన్నటి కె-టైపు థర్మోకపుల్ వైరు, దాన్ని చదివే మీటరు చాలు. డిప్‌స్టిక్ బయటకి తీసి, దాని పక్కన వైరు పెట్టి, మొన 'మిన్' గీత దగ్గర ఉండేలా పొడవు చూసుకుని, పైన ట్యూబు అంచు వచ్చేచోట టేపు చుట్టి గుర్తు పెట్టండి. ఆ గుర్తు దాటి ఒక్క సెంటీమీటరు కూడా లోపలికి దించకూడదు, కింద క్రాంక్ బరువులు తిరుగుతుంటాయి. ట్యూబు నోరు రబ్బరు బిరడాతో మూయండి, లేదంటే ఆయిల్ ఆవిరి ఇంజన్ మీదంతా పడుతుంది. ఛాంబర్ మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ కొట్టి చూసే పద్ధతిని నమ్మకండి. గాలి తగిలే రేకు లోపలి ఆయిల్ కన్నా చాలా తక్కువ చూపిస్తుంది, అదీ రేకు మెరుపును బట్టి మారిపోతుంది.

ఆయిల్ వేడెక్కడానికి నీళ్లకన్నా రెట్టింపు సమయం పడుతుంది. కనీసం ముప్పై, నలభై నిమిషాల నిలకడైన ప్రయాణం తర్వాత వచ్చే అంకెనే లెక్కలోకి తీసుకోండి. ఛాంబర్‌లో 85 నుంచి 110 వరకు ఉంటే కూలర్ ఊసే వద్దు. 110 నుంచి 120 అప్పుడప్పుడూ కనిపిస్తే మంచి ఆయిల్ వేసి, త్వరగా మారిస్తే సరిపోతుంది. 125 దాటి అక్కడే నిలబడితే అప్పుడు మాట్లాడుకోవాలి. ఛాంబర్‌లో ఎంత ఉందో బేరింగు లోపలి పొరలో అంతకు ఇంకో ఇరవై, ముప్పై డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. పైగా ప్రతి పది డిగ్రీలకు ఆయిల్ ఆక్సీకరణం దాదాపు రెట్టింపు వేగం అందుకుంటుంది.

రెండో వైపు ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నొక్కి చెబుతున్నాను. ఆయిల్‌ని అతిగా చల్లబరచడం రోడ్డు మీద తిరిగే పాత కారుకి ఎక్కువ చేటు. పెట్రోలు మండితే నీరు పుడుతుంది, రింగుల పక్కనుంచి అది కిందికి జారుతుంది. చోక్ లాగి నడిపినప్పుడు పెట్రోలు కూడా కలుస్తుంది. ఆయిల్ తరచుగా 90, 100 దాకా వెళ్తేనే ఈ రెండూ ఆవిరై బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి పోయే గొట్టం) గుండా బయటికి పోతాయి. 65, 70 దగ్గరే తిరిగే ఆయిల్‌లో అవి నిలిచిపోయి, ఆమ్లమై, బురద కడుతుంది. ఆయిల్ పోసే మూత కింద తెల్లటి మీగడ పేరుకుంటుంది. క్యామ్ లోబుల మీద తుప్పు చుక్కలు పడతాయి. థర్మోస్టాట్ లేని కూలర్ చేసే పని ఇదే.

టాపెట్‌గ్యాప్:

కొలిచాక అంకె ఎక్కువే వచ్చిందనుకోండి. అప్పుడు కూడా వెంటనే కూలర్ వైపు వెళ్లొద్దు. ఇంజన్‌లో ఆయిల్‌ని అతిగా వేడెక్కించేది ఏదో ఉండొచ్చు. ముందు దాన్ని పట్టుకోవాలి.

మొదట చూడాల్సింది వాక్యూమ్ అడ్వాన్స్, అంటే ఇంజన్ పీల్పుతో స్పార్కుని ముందుకు జరిపే ఏర్పాటు. పాత డిస్ట్రిబ్యూటర్లలో దాని రబ్బరు పొర చిరిగిపోవడం చాలా మామూలు. కార్బురేటర్ వైపు పైపు ఊడదీసి నోటితో పీల్చండి. లోపల ప్లేటు కదలాలి, నాలుకతో మూస్తే పీల్పు అలాగే నిలవాలి. గాలి వచ్చేస్తుంటే పొర పోయినట్టే. అది పోతే నిలకడ వేగంలో పది, పదిహేను డిగ్రీల అడ్వాన్స్ లేకుండా ఇంజన్ నడుస్తుంది. మంట ఆలస్యంగా ముగిసి, పని చేయాల్సిన వేడి కాస్తా ఎగ్జాస్ట్ పోర్టుల్లోకి, హెడ్డులోకి, అక్కడినుంచి ఆయిల్‌లోకి దిగుతుంది. స్లోలో టైమింగ్ లైటు పెట్టి చూస్తే అంతా సరిగ్గానే కనిపిస్తుంది, అందుకే చాలామందికి దొరకదు. 3,000 దగ్గర పైపు తగిలించి ఒకసారి, ఊడదీసి ఒకసారి చూడాలి.

తర్వాత రింగులు. అరిగిన రింగుల పక్కనుంచి మండే వాయువు నేరుగా ఛాంబర్‌లోకి దూసుకొస్తుంటే దాని వేడి మొత్తం ఆయిల్‌కే. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూడండి. సిలిండర్లలో ఎక్కువకీ తక్కువకీ తేడా పది, పదిహేను శాతం మించకూడదు. తక్కువ వచ్చినదాంట్లో ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. రింగులు పోయిన ఇంజన్‌కి కూలర్ పెట్టడం కన్నం ఉన్న కుండని చల్లబెట్టినట్టు.

మూడోది చెబితే చాలా చిన్న విషయంలా ఉంటుంది: ఛాంబర్‌ని బయట కడగడం. ఈ కార్లలో ఆయిల్ చల్లబడే ప్రధాన మార్గం ఆ రేకే. ఏళ్ల తరబడి కారిన ఆయిల్, దుమ్ము కలిసి వేలెడు మందాన పేరుకుంటే అది రేకుకి కంబళి కప్పినట్టే. గీకి, కిరోసిన్‌తో కడిగేయండి. కింద తర్వాత ఎవరైనా బిగించిన రక్షణ రేకు ఉంటే దానికి గాలి కిటికీలు ఉన్నాయేమో చూడండి. పూర్తిగా మూసిన రేకు ఛాంబర్‌ని గాలి తగలని గదిలో పెడుతుంది.

ఆయిల్ మట్టం కూడా. 4.2 లీటర్ల ఇంజన్ 3.2తో నడుస్తుంటే, మిగిలిన ఆయిల్ దాదాపు మూడో వంతు ఎక్కువ సార్లు తిరగాలి, ఛాంబర్‌లో నిలబడి చల్లారే సమయం ఆమేరకు తగ్గుతుంది. అలాగని 'మాక్స్' గీత దాటించి పోయకూడదు. క్రాంక్ దాన్ని చిలికితే నురగ వచ్చి వేడి మరింత పెరుగుతుంది.

ప్రెషర్ గేజిని కూడా ఒకసారి మెకానికల్ గేజితో సరిచూసుకోండి. పాత ఎలక్ట్రిక్ సెండర్లు ఐదారు పీఎస్ఐ అటూ ఇటూ చూపడం వింతేమీ కాదు.

చోక్‌కేబుల్:

థర్మోకపుల్‌తో కొలిచిన అంకెలు ఇవి. బయట 34 డిగ్రీలు. ఊళ్లో నలభై నిమిషాల తర్వాత 91. హైవే మీద 3,500 దగ్గర గంట తర్వాత 108, అక్కడే నిలబడింది. నలుగురు మనుషులు, సామానుతో 12 కిలోమీటర్ల ఘాటు రోడ్డు మూడో గేర్లో 4,000 దగ్గర ఎక్కాక 126. దిగి మామూలు రోడ్డు మీదికి వచ్చాక 110కి రావడానికి పావుగంట పట్టింది.

వాక్యూమ్ పొర చిరిగే ఉంది. మార్చి, ఛాంబర్ కడిగాక హైవే అంకె 103, ఘాటు అంకె 121. కంప్రెషన్ నాలుగింటికీ తేడా ఏడు శాతం లోపే.

ఈ ఘాటు ప్రయాణం వారానికి రెండు మూడుసార్లు తప్పనిది. ఇప్పుడు కూలర్ అర్థవంతమేనా?

మెయిన్‌బేరింగ్:

ఒక్క రూపాయి కూలర్ లేకుండా ఐదు డిగ్రీలు తగ్గాయి. ఇది చదివేవాళ్లందరూ గమనించాల్సిన సంగతి.

103 చక్కటి అంకె, దాన్ని కదపొద్దు. 121 ఏడాదికి నాలుగుసార్లైతే వదిలేయమనేవాణ్ణి. వారానికి మూడుసార్లు, లోడుతో అయితే చిన్న కూలర్, థర్మోస్టాట్‌తో, న్యాయమైన కోరికే. థర్మోస్టాట్ లేకుండా మాత్రం నా సలహా 'వద్దు'. మీ కారు ఊళ్లో 91 దగ్గర తిరుగుతోంది, కూలర్ ఎప్పుడూ తెరిచే ఉంటే అది 70కి పడిపోతుంది, చల్లటి కాలంలో ఇంకా కిందికి.

సైజు విషయం ఊహతో కాకుండా లెక్కతో చూద్దాం. 4,000 దగ్గర మీ పంపు నిమిషానికి సుమారు 20 లీటర్లు తిప్పుతుందనుకుందాం. ఆయిల్ సాంద్రత 0.85, అంటే 17 కిలోలు. కిలో ఆయిల్ ఒక డిగ్రీ చల్లారాలంటే 2.2 కిలోజౌళ్లు తీసేయాలి. కూలర్‌లోకి వెళ్లిన ఆయిల్ పది డిగ్రీలు చల్లారి బయటికి వస్తే అక్కడ 6 కిలోవాట్లకు పైగా వేడి పోతున్నట్టు. మీకు కావలసింది ఘాటు మీద 121ని 110 ప్రాంతానికి తేవడం. దానికి రెండు, మూడు కిలోవాట్లు చాలు. 235 మిల్లీమీటర్ల వెడల్పున్న 10 వరసల ప్లేటు కూలర్‌కి గాలి సరిగ్గా అందితే అది దాని చేతిలో పని. గాలి అంత బాగా అందని చోట బిగించాల్సి వస్తే 13. ఘాటు మీద బండి మెల్లగా వెళ్తుందని, గాలి తక్కువ వస్తుందని గుర్తుంచుకుంటే 13 వైపే మొగ్గుతాను. 19 వరసలది రేసుల్లో గంటల తరబడి 6,000 తిరిగే ఇంజన్లది. మీకు బరువూ, ప్రెషర్ నష్టమూ తప్ప వేరే ఒరిగేదేమీ లేదు.

ప్లేట్లు పేర్చినట్టుండే రకమే తీసుకోండి. సన్నటి రాగి గొట్టానికి రెక్కలు తొడిగిన పాత రకం ఆటోమేటిక్ గేర్‌బాక్సులకి సరిపోవచ్చు. ఇంజన్ మొత్తం ప్రవాహం దానిగుండా పోవాలంటే అడ్డు ఎక్కువ.

రిలీఫ్‌వాల్వ్:

బిగింపు గురించి నేను రాస్తాను. ఆయిల్ కూలర్ పెట్టిన ఇంజన్ పాడైందంటే తొంభై పాళ్లు తప్పు కూలర్‌లో ఉండదు, గొట్టాల్లో, కలిపిన చోట్లలో ఉంటుంది. పైన ఇచ్చిన లెక్కే తీసుకోండి. నిమిషానికి 20 లీటర్లు తోసే పంపు, ఒక గొట్టం ఊడితే, 4.2 లీటర్లనీ పదమూడు సెకన్లలో రోడ్డు మీద పోసేస్తుంది. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు చూసి, అర్థం చేసుకుని, ఇంజన్ ఆపేలోపు బేరింగులు గీసుకుపోతాయి. కంపెనీ ఇవ్వని ఆరు జాయింట్లు మనం కొత్తగా చేరుస్తున్నాం, కాబట్టి ఒక్కో జాయింటూ కంపెనీ పనికన్నా మెరుగ్గా ఉండాలి.

ఫిల్టర్‌కి, బ్లాకుకి మధ్య పెట్టే శాండ్‌విచ్ ప్లేటు థర్మోస్టాట్ లోపలే ఉన్నది తీసుకోండి. సాధారణంగా 80 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకోవడం మొదలవుతుంది. మూసి ఉన్నప్పుడు కూడా కొద్దిపాటి ఆయిల్‌ని కూలర్ వైపు వదిలేలా చేస్తారు. అది లోపం కాదు. గొట్టాల్లో గాలి నిలవకుండా, తెరుచుకున్న క్షణంలో గడ్డకట్టినంత చిక్కటి ఆయిల్ ఒక్కసారిగా ఇంజన్‌లోకి రాకుండా అది కాపాడుతుంది. ఆయిల్ ముందు కూలర్‌కి వెళ్లి, తిరిగొచ్చి, ఆ తర్వాత ఫిల్టర్ గుండా పోయే అమరిక ఉన్న ప్లేటునే ఎంచుకోండి. కూలర్‌లో ఏ నలుసు ఊడినా ఫిల్టర్ పట్టుకుంటుంది.

మధ్య బోల్టు మరలు సరిచూడకుండా కొనొద్దు. ఈ తరం ఇంజన్లలో ముప్పావు అంగుళం యూఎన్ఎఫ్ 16 మరలది, ఎం20 1.5 పిచ్‌ది, ఎం18, ఎం22 అన్నీ కనిపిస్తాయి. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు. అది ఎం20 రంధ్రంలోకి వదులుగా ఎక్కుతుంది, నాలుగు చుట్లు తిరిగి బిగిసినట్టే ఉంటుంది. వేడెక్కి 60 పీఎస్ఐ తగిలాక మరలు ఊడి ఫిల్టర్‌తో సహా ప్లేటు జారిపోతుంది. పాత ఫిల్టర్ తీసి, దాని మరకు థ్రెడ్ గేజి పెట్టి చూడండి. ప్లేటు బిగించే ముందు బ్లాకు మీద పాత రబ్బరు రింగు అంటుకుపోయి ఉందేమో చూడాలి. రెండు రింగులు ఒకదానిమీద ఒకటి పడితే చల్లటి స్టార్టులోనే చిమ్మేస్తుంది. ప్లేటు వల్ల ఫిల్టర్ మూడు, నాలుగు సెంటీమీటర్లు బయటికి వస్తుంది. క్రాస్‌మెంబర్‌కి, స్టీరింగ్ రాడ్డుకి, ఎగ్జాస్ట్‌కి దూరం చూసుకోండి. ఇంజన్ రబ్బరు మౌంటుల మీద ఊగుతుంది కాబట్టి కనీసం రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి.

గొట్టం లోపలి వ్యాసం 14 నుంచి 16 మిల్లీమీటర్లు. ఆయిల్ కోసమే చేసిన నైట్రైల్ రబ్బరు, పైన స్టీలు అల్లిక, చివరలు యంత్రంతో నొక్కి బిగించినవి. హీటర్ గొట్టం, పెట్రోలు గొట్టం, స్క్రూ తిప్పి బిగించే క్లిప్పులు ఇక్కడ నిషేధం. చల్లటి స్టార్టులో గొట్టంలో 80, 100 పీఎస్ఐ కూడా క్షణకాలం తగలవచ్చు, ఆ క్లిప్పు అది పట్టుకోలేదు. స్టీలు అల్లిక ఎంత గట్టిదో అంత రంపం. బాడీ రేకుని, బ్రేకు పైపుని, వైరింగునీ నెలల్లో కోసేస్తుంది. తగిలే ప్రతిచోటా రబ్బరు తొడుగు, ప్రతి 20, 25 సెంటీమీటర్లకి రబ్బరు వేసిన పి-క్లిప్పు. రేకులోంచి వెళ్లేచోట గ్రోమెట్. ఇంజన్ కదలికకి గొట్టంలో కొంచెం వదులు ఉంచాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వైపు మాత్రం పోనివ్వకండి. అల్లిక లోపల రబ్బరు ముసలిదయ్యేది పైకి కనిపించదు, ఆరేడేళ్లకోసారి మార్చేయాలి.

కూలర్ మూతులు (గొట్టాలు కలిసే చోట్లు) అల్యూమినియం. యూనియన్ బిగించేటప్పుడు రెండు స్పానర్లు వాడండి, ఒకటి మూతిని కదలకుండా పట్టుకోవడానికి, రెండోది నట్టు తిప్పడానికి. ఒకే స్పానర్‌తో లాగితే మూతి మెలితిరిగి దాని మొదట్లో కంటికి కనిపించని చీలిక వస్తుంది. పట్టీలకి రబ్బరు బుష్‌లు పెట్టి తేలేలా కట్టాలి. బాడీ మెలికకి కూలర్ మెలితిరగకూడదు.

స్థానం గురించి అడిగారు. రేడియేటర్ ముందు బిగిస్తే పని చేస్తుంది కానీ కూలర్ తీసిన వేడంతా రేడియేటర్ మొహం మీదే పోస్తుంది. ఘాటు మీద నీళ్లకీ అప్పుడే వేడి ఎక్కువ. పాత రేడియేటర్ గొట్టాల్లో పాచి పేరుకుని ఉంటే ఆయిల్‌ని కాపాడబోయి నీళ్లను మరిగించినట్టవుతుంది. బంపర్ కింద, వాలెన్స్ (బంపర్ కింది బాడీ రేకు) వెనక ఒక పక్కగా పెట్టడం మేలు. గాలి లోపలికి వచ్చే కిటికీ కూలర్ మొహంలో పావు నుంచి మూడో వంతు వైశాల్యం ఉంటే చాలు, అక్కడినుంచి కూలర్ దాకా రేకుతో గరాటులా వెడల్పయ్యే దారి కట్టి అంచులు ఫోమ్‌తో మూయాలి. దారి కట్టకపోతే గాలి అడ్డున్న చోటికి పోదు, పక్కనుంచి తప్పుకుపోతుంది. బయటికి పోయే దారి కూడా అంతే ముఖ్యం, కారు కిందికి వదలండి. వేరే దారి లేక రేడియేటర్ ముందే పెట్టాల్సి వస్తే మధ్యలో కనీసం 25 మిల్లీమీటర్లు వదిలి, రేడియేటర్‌ని ముందు శుభ్రం చేయించండి.

మూతులు పైకి ఉండేలా పెట్టండి. గాలి బుడగ తనంతట తాను బయటికి పోతుంది, ఇంజన్ ఆపాక కూలర్ ఖాళీ అయిపోదు. పక్కకి తిప్పి పెడితే ఆయిల్ కింది మూతిలోంచి వచ్చి పై మూతిలోంచి పోవాలి. కిందికి తిప్పి మాత్రం పెట్టొద్దు, పై వరసల్లో గాలి నిలిచి సగం కూలర్ పనిచేయదు.

13 వరసల కూలర్, రెండు మీటర్ల గొట్టం కలిసి సుమారు ముప్పావు లీటరు అదనంగా పడుతుంది. బిగించే ముందు కూలర్‌ని, ఫిల్టర్‌ని ఆయిల్‌తో నింపండి. స్పార్క్ ప్లగ్గులు తీసి, కాయిల్ వైరు ఊడదీసి, పది సెకన్ల చొప్పున మధ్యలో ఆగుతూ స్టార్టర్ తిప్పండి, ప్రెషర్ ముల్లు లేచేదాకా. అది లేవకుండా ఇంజన్ మొదలుపెట్టొద్దు. తర్వాత రెండు నిమిషాలు నడిపి ఆపి, డిప్‌స్టిక్ చూసి సరిపోయేంత పోయండి. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకునేదాకా నడిపి మళ్లీ చూడాలి, మొదటిసారి చూసినప్పుడు కూలర్ పూర్తిగా నిండి ఉండకపోవచ్చు.

అన్నీ సరిగ్గా ఉన్నా వేడి ప్రెషర్ 2 నుంచి 5 పీఎస్ఐ తగ్గినట్టు కనిపిస్తుంది. ఆయిల్ ఎక్కువ దూరం, ఎక్కువ మలుపులు తిరుగుతోంది కాబట్టి అది సహజం. ప్రెషర్ పెరగాలని కూలర్ పెట్టేవాళ్లకు ఇది చేదు కబురు.

ఫ్యాన్‌బెల్ట్:

గాలితో చల్లారే ఇంజన్లకు పై సలహా వర్తించదు, అది ఇక్కడ చెప్పకపోతే ఎవరైనా పొరబడతారు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ లాంటి వాటిలో ఆయిల్ కూలర్ మొదటినుంచీ ఇంజన్‌లో భాగం, ఎందుకంటే అక్కడ నీళ్లు లేవు, వేడి మోసే ద్రవం ఆయిలే. దాంట్లో నేర్చుకోవాల్సింది రెండుంది. పాత బీటిళ్లలో కూలర్ ఫ్యాన్ కవచం లోపలే నిలువుగా ఉండేది. మూడో సిలిండర్‌కి పోయే గాలికి అది అడ్డుపడి ఆ సిలిండర్ మిగతా వాటికన్నా వేడెక్కేది. 1971 మోడళ్ల నుంచి కూలర్‌ని బయటికి, దాని సొంత గూట్లోకి జరిపారు. ఒకదాన్ని చల్లబరచబోయి ఇంకోదాని గాలి దోచుకోవద్దనే పాఠం రేడియేటర్‌కీ వర్తిస్తుంది. రెండోది, చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి ప్రెషర్ లేచినప్పుడు అక్కడి రిలీఫ్ వాల్వ్ ఆయిల్‌ని కూలర్ తప్పించి నేరుగా బేరింగులకు పంపుతుంది. చల్లటి ఆయిల్‌ని కూలర్‌లోకి పంపకూడదని అప్పటివాళ్లకీ తెలుసు.

1960ల ఎంజీబీ కార్లలో కొన్నిటికి కంపెనీ నుంచే కూలర్ వచ్చింది, థర్మోస్టాట్ లేకుండా. చలిదేశాల్లో దాని ముందు రేకు కప్పి నడిపేవాళ్లు ఎందుకుంటారో పైన మెయిన్‌బేరింగ్ గారు రాసిందే కారణం.

ఇంకో దారి ఉంది: నీళ్లతో చల్లబరిచే చిన్న కూలర్. బ్లాకుకి, ఫిల్టర్‌కి మధ్య డబ్బాలా కూర్చుని రేడియేటర్ నీళ్లను తన గుండా తిప్పుకుంటుంది. చాలా ఇంజన్లకు కంపెనీలు ఇదే ఇస్తాయి. స్టార్ట్ చేశాక నీళ్లు ముందు వేడెక్కుతాయి కాబట్టి ఇది ఆయిల్‌ని త్వరగా వేడెక్కిస్తుంది. తర్వాత వేడి పెరిగితే చల్లబరుస్తుంది. థర్మోస్టాట్ అక్కర్లేదు, పొడవాటి ఆయిల్ గొట్టాలు లేవు. నీళ్లు 88 దగ్గర ఉంటే ఆయిల్‌ని 85కి దించమన్నా దించలేదు, ఆ పరిమితే దాని గొప్ప. రోడ్డు కారుకి నేనైతే దీన్నే ముందు చూస్తాను. షరతు ఒక్కటే, రేడియేటర్‌కి ఆ అదనపు వేడి మోసే శక్తి ఉండాలి. లోపలి గోడ తుప్పుపట్టి చిల్లు పడితే నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ ఎక్కువ కాబట్టి ఆయిల్ నీళ్లలోకి పోతుంది. ఆపాక రేడియేటర్ ప్రెషర్ మిగిలి ఉంటుంది కాబట్టి నీళ్లు ఆయిల్‌లోకి వస్తాయి. రేడియేటర్ మూత కింద గోధుమరంగు జిడ్డు కనిపిస్తే హెడ్ గాస్కెట్ విప్పే ముందు దీన్ని అనుమానించండి. మామూలు పంపు నీళ్లు వద్దు, కూలెంట్ వాడి, చెప్పిన గడువుకి మార్చండి.

చోక్‌కేబుల్:

చాలా స్పష్టత వచ్చింది, అందరికీ ధన్యవాదాలు. రేడియేటర్ ఈ మధ్యే కొత్త కోర్ వేసినది, కాబట్టి ఫ్యాన్‌బెల్ట్ గారు చెప్పిన నీళ్ల రకం వైపు చూస్తున్నాను. ఇంకో మాట. గాలి రకం కూలర్ ఒకటి విప్పేసిన ఇంజన్ నుంచి తీసింది దొరుకుతోంది. కడిగి వాడొచ్చా, లేక అది ఆలోచనలోంచే తీసేయనా?

రిలీఫ్‌వాల్వ్:

తీసేయండి. ఆ ఇంజన్ ఎందుకు విప్పారో తెలియదు. బేరింగు పోయి విప్పి ఉంటే దాని రేణువులు కూలర్ లోపలి ముడతల్లో కూర్చుని ఉంటాయి. పెట్రోలుతో, గాలితో, ఎంత కడిగినా అన్నీ రావు. మీ వేడి ఆయిల్, కంపనం తగిలాక నెమ్మదిగా వదులుతాయి. శాండ్‌విచ్ ప్లేటు తర్వాత ఫిల్టర్ ఉన్నా, చల్లటి స్టార్టులో ఫిల్టర్ బైపాస్ వాల్వ్ తెరుచుకున్నప్పుడు వడపోత లేకుండా నేరుగా మెయిన్ బేరింగుల్లోకి పోతాయి. బేరింగు పోయిన ఇంజన్ తిరిగి కట్టేటప్పుడు కూడా ఇదే నియమం: కూలర్ కొత్తది, గొట్టాలు కొత్తవి.

నీళ్ల రకం కొంటే బ్లాకు వైపు ఓ-రింగు వేడి ఆయిల్‌కి తట్టుకునే విటాన్ రకం అడిగి తీసుకోండి. నీళ్ల గొట్టం హీటర్ తిరుగు దారిలో కలపండి. మీ హీటర్ ట్యాపు మూస్తే ఆ దారిలో ప్రవాహం ఆగిపోయే కారైతే ట్యాపుకి ముందే విడిగా టీ జాయింటు వేయాలి, లేదంటే ట్యాపు మూసి ఉన్నన్నాళ్లూ కూలర్ ఊరికే కూర్చుంటుంది. బిగించాక అదే ఘాటు, అదే లోడు, అదే థర్మోకపుల్‌తో కొలిచి అంకెలు ఇక్కడ పెట్టండి. 112 లోపు వస్తే పని సరిగ్గా జరిగినట్టు.